వేడి దిగే దారి ముందు, వేగం తర్వాత

మే నెల వస్తే నల్లగొండలో ఎండలూ పెళ్లిళ్లూ ఒకేసారి ముదురుతాయి. కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు చేతినిండా పని దొరికేది ఈ రోజుల్లోనే. బయట 44 డిగ్రీలు. షాపులో పొద్దుటి నుంచి కంప్యూటర్ ఆగకుండా రెండరింగ్ చేస్తోంది. రేపు పొద్దున్నే డెలివరీ ఇవ్వాలి. అక్కడ పనిచేసే కుర్రాడు ఫోన్లో ఒక వీడియో చూసి, బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ స్పీడు పెంచేస్తాడు. గంటసేపు అంతా బాగానే ఉంటుంది. సాయంత్రానికి నీలి తెర వస్తుంది. ఒక్కోసారి ఆ తెర కూడా రాదు, ఫైలు లోపల్లోపల పాడైపోతుంది. ఆ సంగతి ప్రింటింగ్‌కు పంపాక గానీ తెలియదు.

అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షకు చదివే అమ్మాయి రాత్రి రెండింటి దాకా పుస్తకం మూయదు. ఐదింటికి అలారం. సిలబస్ చాలా మిగిలిపోయింది, రోజులు తక్కువున్నాయి, అందుకే నిద్రను మూడు గంటలకు కుదించుకుంది. షాపు కుర్రాడు ర్యామ్‌కు చేసిన పనే ఈమె తన బుర్రకు చేస్తోంది.

ఈ ఇద్దరికీ నేను చెప్పాలనుకునేది ఒక్కటే. వేగం పెంచుకోండి, తప్పేమీ లేదు. వేడి దిగడానికి దారి ముందు వేసి, ఆ తర్వాత పెంచుకోండి.

యంత్రం లోపల జరిగేది

ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లో ఉంటుంది. దానికి తలుపులా ఒక ట్రాన్సిస్టర్. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ ఆలోచించి, 1968లో పేటెంట్ పొందిన అమరిక ఇది. మీ లాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ ఉన్న ర్యామ్ ఇప్పటికీ దీని మీదే నడుస్తోంది. అయితే ఆ కెపాసిటర్‌లో చార్జ్ నిలవదు. ఎప్పుడూ కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది. అందుకని మెమరీ తనలోని ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి, మళ్లీ రాసుకుంటుంది. దీన్ని రిఫ్రెష్ అంటారు. సెకనుకు పదిహేనుసార్లకు పైగా, మీకు తెలియకుండానే, కంప్యూటర్ తన జ్ఞాపకాన్ని పునశ్చరణ చేసుకుంటోందన్నమాట.

చిప్పు వేడెక్కిన కొద్దీ చార్జ్ కారిపోయే వేగం పెరుగుతుంది. డీడీఆర్4 రకం ర్యామ్ ప్రమాణం ప్రకారం 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ గడువును సగానికి, అంటే 32 మిల్లీసెకన్లకు తగ్గించాలి. వేడెక్కిన మెమరీ ఉన్నదాన్ని నిలుపుకోవడానికే రెట్టింపుసార్లు పని ఆపాల్సి వస్తుంది. చల్లబడితే దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, దుమ్ము ఊదడానికి వాడే గాలి డబ్బాను తలకిందులు చేసి ర్యామ్ మీద చల్లారు. చిప్పులు మైనస్ 50 డిగ్రీల దాకా చల్లబడ్డాయి. ఆ తర్వాత కరెంటు తీసేసినా అందులోని సమాచారం నిమిషాల తరబడి దాదాపు చెక్కుచెదరలేదు. కంప్యూటర్ల భద్రతలో ఉన్న ఒక లోపాన్ని బయటపెట్టడానికి వాళ్లు ఆ పని చేశారు. మనకు మాత్రం అందులో ఇంకో పాఠం ఉంది: జ్ఞాపకం ఎంతసేపు నిలుస్తుందన్నది చల్లదనం మీద ఆధారపడి ఉంటుంది.

ఇక ఓవర్‌క్లాకింగ్ లెక్క, అంటే చిప్పును దాని మామూలు వేగం కంటే ఎక్కువగా నడిపే లెక్క చూద్దాం. డీడీఆర్4 మామూలుగా 1.2 వోల్టుల మీద నడుస్తుంది. స్పీడు పెంచాలనుకునేవాళ్లు బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే రెడీమేడ్ సెట్టింగు ఆన్ చేస్తే అది చాలావరకు 1.35 వోల్టులకు వెళుతుంది. చిప్పు ఆన్, ఆఫ్ కావడానికి ఖర్చయ్యే శక్తి ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 2666 స్పీడు మీద నడిచే ర్యామ్ స్టిక్‌ను 3600కు తీసుకెళ్లారనుకోండి. వేగం 35 శాతం పెరిగింది. వోల్టేజీ పెంచడం వల్ల మరో 27 శాతం. రెండూ గుణిస్తే శక్తి ఖర్చు దాదాపు 70 శాతం ఎక్కువైంది. ఆ శక్తంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. 35 కోసం 70 చెల్లించారు. పైగా ఆ 35 కూడా మీ పనిలో అలాగే కనిపించదు, ఎందుకంటే రెండరింగ్‌లో ఎక్కువ భారం ప్రాసెసర్ మీద, గ్రాఫిక్స్ కార్డు మీద ఉంటుంది. ర్యామ్ వేగం వల్ల కలిసివచ్చే సమయం చాలా పనుల్లో కొద్ది శాతమే.

అందుకే మొదటి సలహా: ఆ వేగం మీకు నిజంగా అవసరమా అని అడగండి. ఆల్బమ్ షాపుకు నా సమాధానం సూటిగా ఉంటుంది. ర్యామ్ స్పీడు పెంచే బదులు ఇంకో స్టిక్ కొని ర్యామ్ పరిమాణం పెంచండి. కస్టమర్ పెళ్లి ఫొటోల మీద ప్రయోగాలు చేయకండి. ఇంట్లో సరదాగా గేములు ఆడుకునే కుర్రాడికైతే అడ్డు చెప్పను. నేర్చుకోనివ్వండి. ఓవర్‌క్లాకింగ్ చేసి చూసిన పిల్లలకు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఉష్ణం అనే మాటలు పుస్తకంలోంచి బయటికి వచ్చి చేతికి తగులుతాయి. అది మంచి చదువే.

కానీ చేసేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వీడియోలో కనిపించే ఆ సెట్టింగులు ఎక్కడో 22 డిగ్రీల గదిలో కుదిరినవి. స్టిక్ ఎప్పుడూ తన చుట్టూ ఉన్న గాలికంటే కొన్ని డిగ్రీలు పైనే నడుస్తుంది, కిందికి రాదు. గది 28 డిగ్రీలున్నప్పుడు స్టిక్ 45 దగ్గర ఉందనుకుందాం. అదే పని, అదే ఫ్యాను. గది 40కి చేరితే స్టిక్ 57కి చేరుతుంది. ఓవర్‌క్లాకర్లు ఇష్టపడే శాంసంగ్ బీ-డై చిప్పుల్ని బిగుతైన టైమింగుల మీద నడిపితే 50 డిగ్రీలు దాటగానే తప్పులు చేయడం మొదలుపెడతాయన్నది ఆ రంగంలో అందరికీ అనుభవమే. చిప్పు కాలిపోదు, పొగ రాదు, 57 డిగ్రీలు దాని ప్రాణానికి ప్రమాదమూ కాదు. ఎక్కడో ఒక బిట్టు తారుమారవుతుంది, అంతే. జనవరిలో పరీక్షించి భేష్ అనుకున్న సెట్టింగు మేలో మోసం చేసేది ఇందుకే. మీ సెట్టింగును మే నెల మధ్యాహ్నం మూడింటికి పరీక్షించండి. మెమ్‌టెస్ట్86 పెట్టి, పూర్తిగా తిరిగేదాకా వదిలేయండి. ఒక్క తప్పు కనిపించినా వేగం తగ్గించండి. ఒక్కటే కదా అని సరిపెట్టుకోకండి.

చల్లబరచడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. స్టిక్ మీద మెరిసే రేకు, అదే హీట్ స్ప్రెడర్, వేడిని పరుస్తుంది గానీ తీసుకుపోదు. తీసుకుపోయేది గాలి. క్యాబినెట్‌లో ఒక చిన్న ఫ్యాను ర్యామ్ వైపు తిప్పి బిగిస్తే చాలు, తేడా వెంటనే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి నేరుగా ర్యామ్ మీదికే పోతుంది కాబట్టి ముందు దాన్ని బయటికి పంపే ఫ్యాను సరిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా? ఫిల్టరు నెలకోసారి దులపండి. డీడీఆర్5 వాడేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అంతకుముందు మదర్‌బోర్డు మీద ఉండే వోల్టేజీ నియంత్రణ చిప్పు డీడీఆర్5లో స్టిక్ మీదికే వచ్చేసింది, దాని వేడి కూడా అక్కడే. అదృష్టవశాత్తు ఆ స్టిక్ మీద ఉష్ణోగ్రత చూపే సెన్సర్ కూడా ఉంటుంది, చూసుకుంటూ ఉండండి. ఇంకో మాట: మూత తీసిన క్యాబినెట్‌కు ఎదురుగా వాటర్ కూలర్ పెట్టకండి. గాలితో పాటు వచ్చే సన్నటి తుంపరలో మన బోరు నీళ్ల ఉప్పంతా ఉంటుంది.

పెద్ద కంపెనీలు దీన్ని ఎంత తీవ్రంగా తీసుకుంటాయో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ వైపు, మేకగూడలో మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ నిర్మాణం చేపట్టింది. హైదరాబాద్ ప్రాంతంలో తమ డేటా సెంటర్ల సముదాయం రాబోతోందని ఆ సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. ఇలాంటి చోట్ల సర్వర్లలోకి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని అమెరికాలోని ఆష్రే అనే సంస్థ చేసిన సిఫారసును ప్రపంచంలో చాలాచోట్ల పాటిస్తారు. భవనం గీసేటప్పుడే వేడి ఎటు పోవాలో గీస్తారు. యంత్రాలు ఆ తర్వాత వస్తాయి.

ఇప్పుడు మీ సంగతి

మనిషి మెదడు ర్యామ్ కాదు, నాకు తెలుసు. దాని పనితీరు వేరు, లోతు వేరు. కానీ వేడి ముందు, అలసట ముందు రెండూ ఒకేలా ఓడిపోతాయి: చప్పుడు లేకుండా.

2016 వేసవిలో అమెరికాలోని బోస్టన్‌లో వడగాలులు వీచినప్పుడు హార్వర్డ్ పరిశోధకులు హాస్టల్ విద్యార్థుల్ని గమనించారు. కొందరి గదుల్లో ఏసీ ఉంది, కొందరికి లేదు. పొద్దున లేవగానే ఫోన్లో చిన్న పరీక్షలు పెట్టారు. ఏసీ లేని గదుల్లో పడుకున్నవాళ్లు స్పందించడానికి దాదాపు 13 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. కూడికలు, తీసివేతల్లోనూ అంతే వెనకబడ్డారు. వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లే. అమెరికాలోనే ఇంకో బృందం సుమారు కోటిమంది విద్యార్థుల మార్కులు తీసుకుని లెక్కగట్టి 2020లో ప్రచురించింది. చల్లబరిచే ఏర్పాటు లేని బడుల్లో, బడి నడిచే ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏడాది నేర్చుకునే చదువు ఒక శాతం తగ్గుతోందని తేలింది. ఆ దేశపు వేసవే అంత పని చేస్తే, రేకుల గదిలో కూర్చుని ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివే మన పిల్లల మీద భారం ఎంతో ఆలోచించండి. చదివింది తలకెక్కడం లేదని ఏడ్చే అమ్మాయికి తెలివి తక్కువ కాలేదు. ఆమె గది వేడిగా ఉంది. ఈ మాట తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఇక నిద్ర. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెన్కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థులకు అర్థం లేని అక్షరాల గుంపులు పదేసి బట్టీ పట్టించారు. ఎనిమిది గంటలు పడుకుని లేచాక పదిలో సగానికి పైగా గుర్తున్నాయి. అవే ఎనిమిది గంటలు మెలకువగా గడిపితే గుర్తున్నది ఒకటో అరో. ఆ తర్వాత వందేళ్లలో ఎన్నో ప్రయోగాలు జరిగి, నిద్రలో మెదడు పగటి చదువును గట్టిపరుచుకుంటుందన్న అవగాహన స్థిరపడింది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం 2016లో చెప్పింది. మన కాలేజీ హాస్టళ్ల టైంటేబుల్ తీసి ఆ పక్కన పెట్టి చూడండి. పదిహేడు గంటలు వరుసగా మెలకువగా ఉన్న మనిషి, కొద్దిగా తాగినవాడంత మందకొడిగా స్పందిస్తాడని కూడా పరిశోధనల్లో తేలింది. అలాంటి స్థితిలో రాత్రి ఒంటిగంటకు చేసిన లెక్క తప్పొస్తే అది మీ తప్పు కాదు, ఆ వేళ తప్పు. పుస్తకం మూసి పడుకోండి. నిజంగానే చెబుతున్నా, పడుకోండి.

గద్వాల నుంచి నేర్చుకోవాల్సింది

జ్ఞాపకాన్ని అసాధారణ వేగంతో పరుగెత్తించే విద్య తెలుగువాళ్ల దగ్గర తరతరాలుగా ఉంది, దాని పేరు అవధానం. దాన్ని కళ్లకద్దుకున్న నేల కూడా మన పాలమూరే. గద్వాల సంస్థానం కవిపండితుల్ని ఎంతగా ఆదరించిందంటే దాన్ని విద్వద్గద్వాల అని పిలిచేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి తమ విద్య ప్రదర్శించి సన్మానాలు పొందారు.

అష్టావధానం చూసినవాళ్లు అవధాని జ్ఞాపకశక్తిని చూసి ఆశ్చర్యపోతారు. నేను మాత్రం ఆ ప్రక్రియను అమర్చిన తీరుకు దండం పెడతాను. ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు వర్ణన. అవధాని ఈ పద్యాల్ని ఒక్క ఊపులో పూర్తి చేయడు. మొదటి పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి పక్కకు జరుగుతాడు. రెండోవారికి ఒక పాదం, మూడోవారికి ఒక పాదం. చుట్టు తిరిగి మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చి, ఆపిన చోటు నుంచి రెండో పాదం అందుకుంటాడు. ఇలా నాలుగు చుట్లు. మధ్యలో ఎవరో గంట కొడతారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు చిలిపి ప్రశ్న వేస్తారు, సభ ఘొల్లున నవ్వుతుంది, అవధానీ నవ్వుతాడు. అన్నీ అయ్యాక ధారణ: పద్యాలన్నీ మొదటినుంచీ వరుసగా అప్పజెప్పడం.

ఇందులో చదువుకునేవాళ్లకు పనికొచ్చే సంగతులు దాగున్నాయి. ఒక పాదం చెప్పి వదిలేయడం వల్ల ఆ పద్యం కొంతసేపు పక్కన ఉంటుంది. తిరిగి వచ్చినప్పుడు దాన్ని లోపలినుంచి బయటికి లాగాలి. ఆ లాగడమే జ్ఞాపకాన్ని గట్టిచేస్తుంది. ర్యామ్ చదివిన ప్రతిసారీ మళ్లీ రాసుకుంటుందని పైన చెప్పాను కదా, అదే పని. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపించారు. ఒక పాఠాన్ని రెండోసారి చదివినవాళ్లకు వారం తర్వాత అందులో 42 శాతం గుర్తుంది. రెండోసారి చదవకుండా, పుస్తకం మూసి గుర్తున్నంత రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మాత్రం మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు! అందుకే మళ్లీ మళ్లీ చదవడం మనల్ని నమ్మిస్తుంది. అప్పటికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది.

కాబట్టి ఫిజిక్స్ నాలుగు గంటలు ఏకబిగిన చదవకండి. ముప్పావుగంట చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. లేచి రంజన్‌లో నీళ్లు తాగండి. కెమిస్ట్రీకి మారండి. సాయంత్రం మళ్లీ ఫిజిక్స్ కాగితం తీయకుండా అదే విషయం ఇంకోసారి రాయండి. మధ్యలో తమ్ముడు వచ్చి వేళాకోళం చేస్తే కసురుకోకండి, రెండు నిమిషాలు నవ్వండి. ఇంటర్వెల్ లేని చదువుకు గొప్పతనం అంటగట్టిన వాళ్లు ఎవరో గానీ, మన పిల్లలకు చాలా అన్యాయం చేశారు.

గది చల్లగా

మీ ఇంటి మీద స్లాబ్ ఉంటే ఏప్రిల్‌లోపే దాని మీద దట్టంగా తెల్ల సున్నం వేయించండి. తెల్లటి కప్పు ఎండను తిరగ్గొడుతుంది, గదిలో వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ ఉద్దేశంతోనే. ఏసీతో పోలిస్తే ఈ ఖర్చు లెక్కలోకే రాదు, నెలనెలా బిల్లు కూడా కట్టక్కర్లేదు.

నల్లగొండ, పాలమూరు ఎండకు ఒక మంచి గుణం ఉంది, అది పొడిది. వాటర్ కూలర్ పొడిగాలిలోనే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోవాలి. సముద్రం పక్క ఊళ్లకు ఈ వసతి లేదు. కానీ చాలా ఇళ్లలో కూలర్ పెట్టి తలుపులు, కిటికీలు బిగించేస్తారు. గంటలో గదంతా ఉక్కపోత. కూలర్‌ను కిటికీ బయట పెట్టండి, దానికి ఎదురుగా ఉన్న కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. లోపలికొచ్చిన గాలి బయటికి పోవాలి. క్యాబినెట్‌కు చెప్పిందే గదికీ వర్తిస్తుంది.

కష్టమైన సబ్జెక్టు తెల్లవారుజామునే పెట్టుకోండి, ఎనిమిది గంటల నిద్ర తర్వాత. ఐదింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి, ఇందులో బేరం లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా పెద్ద చదువు వద్దు. సల్ల తాగి అరగంట కునుకు తీయండి. దాన్ని బద్ధకం అనే పెద్దవాళ్లకు ఈ పేజీ చూపించండి.

ఈఏపీసెట్ 2025లో ఏప్రిల్ చివర, మే నెల తొలి రోజుల్లో జరిగింది. పరీక్షకు రెండు పూటలు ఉంటాయి: పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు. హాల్ టికెట్ రాగానే మీ పూట ఏదో చూసుకోండి. మధ్యాహ్నం పూట పడితే, ఆఖరి వారం మీ మాక్ టెస్టులన్నీ మూడు గంటలకే పెట్టుకోండి, ఆ వేళకు మీ బుర్ర ఎలా నడుస్తుందో మీకు ముందే తెలియాలి. పరీక్ష రోజు సెంటర్‌కు ఒంటిగంటన్నరకల్లా చేరండి. ఎండలోంచి నేరుగా లోపలికి పోకుండా గేటు దగ్గర నీడలో కూర్చోండి, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు మెల్లగా తాగండి, తలకు కట్టిన తువ్వాలు తడిపి మెడకు పెట్టుకోండి. ఒళ్లు చల్లబడ్డాక లోపలికి వెళ్లండి.